ఎడమ తలుపు

గులాం మొహమ్మద్ అంబాసిడర్ ముందు చక్రం మీది రేకులోకి తల దూర్చి, ఎడమచేత్తో ఇనుపదిమ్మ ఒత్తిపట్టి, కుడిచేత్తో సుత్తి ఆడిస్తున్నాడు. ఆ మోతకి పాత పోస్టాఫీసు సందులోని పావురాలు సైతం అలవాటుపడి, ఎగరడం మానేశాయి. కొత్తగా అద్దెకి దిగినవాళ్లు మాత్రం నాలుగు రోజులు తలుపులు బిగించుకుని, తర్వాత వాళ్లూ పావురాల దారి పట్టేవారు. గులాంకి ఆ బాధే లేదు. చిన్నతనం నుంచీ రేకు కొట్టి కొట్టి అతని చెవులు ఎప్పుడో పనిలోంచి తప్పుకున్నాయి.

పొట్టి మనిషి. నెరిసిన గడ్డానికి కొసన గోరింటాకు ఎరుపు. కుడి భుజం ఎడమ భుజం కంటే లావు కావడంతో ఏ చొక్కా వేసినా ఇంకొకడి చొక్కా తొడుక్కున్నట్టు ఉండేది. అరచేతులు కాయలు కాసి మడమల్లా ఉండేవి. వాళ్ల నాన్న ఇదే సందులో కిరసనాయిలు డబ్బాలతో బకెట్లు, గరాటాలు చేసి అమ్మేవాడు. పోర్టు ఆఫీసర్ల కార్లు ఎక్కువయ్యాక గులాం బకెట్లు వదిలి సొట్టలు పట్టుకున్నాడు. అంతే, అతని జీవితంలో చెప్పుకోదగ్గ మార్పు మరొకటి లేదు.

సొట్ట తీయించుకోవడానికి వచ్చేవాళ్లలో సగం మంది దొంగల్లా వస్తారు. యజమానికి తెలియకుండా డ్రైవరు, తండ్రికి తెలియకుండా కొడుకు, మామగారికి తెలియకుండా అల్లుడు. అందరికీ కావలసింది గుట్టు. ఆ గుట్టు దాచవలసినవాడేమో చెవిటివాడు. చెవిటివాడు గనక అందరూ తనలాంటివాళ్లేనన్నట్టు గొంతెత్తి మాట్లాడేవాడు.

"మా బావ రహస్యమన్నాడంటే ఆ కబురు హార్బర్లో ఓడోల్లకి కూడా తెలిసిపోద్ది," అనేవాడు వరహాలు. పక్క షెడ్డులో కార్లకి రంగు కొట్టేది అతనే. వరసకి ఏమీ కాకపోయినా బావా అంటే బావా అనుకునేవారు, రోజుకొకసారి పోట్లాడుకునేవారు.

ఆ ఉదయం సందులోకి తెల్లటి చిన్న కారు ఒకటి వచ్చింది. అప్పటికి ఊళ్లో అలాంటి కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. వచ్చిన కారు తిన్నగా ఆగకుండా ముందుకీ వెనక్కీ జరిగి, ఎడమవైపు గోడకి ఆనేటట్టు ఆగింది. దాంట్లోంచి శ్రీరామ్మూర్తి దిగాడు. పోర్టు ఆఫీసులో సూపరింటెండెంటు. ఇస్త్రీ నలగని మనిషి. పేరు నమోదు చేయించుకుని, వంతు కోసం ఏళ్లు కాచుకుని, మొన్ననే కారు ఇంటికి తెచ్చుకున్నాడు. సంపత్ వినాయకుడి గుడి దగ్గర కొత్త కారు పూజకి కట్టిన నిమ్మకాయలు ఇంకా వాడలేదు. సీట్లకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు.

ఆయన అటూ ఇటూ చూసి, గులాం దగ్గరికి వంగి, గుసగుసగా అన్నాడు. "చిన్న సొట్టండీ. ఇంట్లో తెలియకూడదు."

"ఆఁ?"

"మా ఆవిడకి తెలియకూడదు."

గులాంకి పెదవులు చూసి మాట పట్టుకునే అలవాటుంది. పట్టుకున్న మాట సరో కాదో తేల్చుకోవడానికి పైకి అనే అలవాటు కూడా ఉంది. శ్రీరామ్మూర్తి గుసగుసగా చెప్పిన ఒక్కొక్క ముక్కా అతని నోట కేకై బయటికొచ్చింది.

"అమ్మగారికి తెలకూడదా? అలాగే బాబూ, ఎవులికీ సెప్పను. ఎలగయింది? స్కూటర్ పడిపోనాదా? ఎవుల్ది స్కూటరు? మీదేనా? కారొచ్చీ ముందే అమ్మీమని అమ్మగారు సెప్పీసారా?"

టీకొట్టు దగ్గర గ్లాసులు నోటిదాకా వెళ్లి ఆగాయి. మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ తడి చీర చేత్తోనే పట్టుకుని పిట్టగోడ దగ్గరికొచ్చింది. శ్రీరామ్మూర్తి జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

జరిగింది అదే. ఇంటి దగ్గర కారు షెడ్డు చిన్నది, కారుకీ స్కూటరుకీ కలిపి చోటు చాలదు, పాతదాన్ని తగలెయ్యమని ఆయన భార్య సూర్యకాంతమ్మ నెల ముందునుంచీ చెబుతూనే ఉంది. "దాని మీదే నిన్ను పెళ్లిచూపులు చూడ్డానికి వచ్చాను," అన్నాడు ఆయన. "అందుకే అమ్మెయ్యమంటున్నాను," అంది ఆవిడ. మొన్న స్టాండు జారి, స్కూటరు తన వయసంతా వేసి కొత్త కారు తలుపు మీద వాలిపోయింది. అప్పట్నుంచీ ఆయన కారు ఎక్కడ ఆపినా ఎడమవైపు గోడకో చెట్టుకో ఆనించే ఆపుతున్నాడు. రేపు విజయనగరం నుంచి బావమరిది వస్తాడు. అందరూ కలిసి సింహాచలం వెళ్లాలి. ఎడమ తలుపు తీసి ఎక్కేది సూర్యకాంతమ్మే.

గులాం గోడకీ కారుకీ మధ్య ఇరుక్కుని వెళ్లి చూశాడు. తలుపు నడుమ, పూరీ అంత సొట్ట. రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఒకలాగ సదును సేసీ బావా. పైన పుట్టీ ఎట్టి రంగు కొట్టీనా?" అన్నాడు వరహాలు.

"పుట్టీ గోడలకెట్టుకో. సాయంత్రానికి నీ రంగు ఆరతాదా? రేపు కంపెనీ రంగు పక్కన నీ రంగు సూస్తే ముసిల్దానికి పౌడర్ రాసినట్టు ఉంటాది." గులాం శ్రీరామ్మూర్తి వైపు తిరిగాడు. "రంగు పెచ్చు ఊడకండా లేపాల బాబూ. తలుపు ఊడదీసి కొడతాను."

తలుపు ఊడదీయడమన్న మాటకి శ్రీరామ్మూర్తి మొహం పాలిపోయింది. కారుని గోడకి ఎడంగా జరిపి, గులాం బందుల బోల్టులు విప్పుతున్నంతసేపూ డాక్టరు దగ్గర పిల్లవాణ్ణి పడుకోబెట్టిన తండ్రిలా కారు పైకప్పు మీద చెయ్యేసి నిలబడ్డాడు. గులాం లోపలి అట్ట విప్పి, ఇసక బస్తా మీద తలుపుని బోర్లించి, ఎప్పటిలాగే దిమ్మా సుత్తీ తీసుకుని ఒక్క దెబ్బ వేశాడు.

అంబాసిడర్ రేకు చేతికి ఎదురు చెప్పే రేకు. ఈ రేకు అలాంటిది కాదు. టప్పుమని బయటికి దూకింది. తిప్పి చూస్తే గుంట ఉన్నచోట బొప్పి లేచి ఉంది.

శ్రీరామ్మూర్తి కళ్లు మూసుకున్నాడు.

"ఇది రేకు కాదు బాబూ, అప్పడం," అన్నాడు గులాం. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఈ మధ్య ఇలాంటి కార్లు ఒకటీ అరా సందు మొదట్లోకి వచ్చి, అతని అంబాసిడర్ల వరస చూసి, వెనక్కి తిరిగిపోవడం అతనికి తెలుసు. వాటి జోలికి మనకెందుకులే అనుకునేవాడు. ఇవాళ ఒకటి తనంత తాను వచ్చి ఇసక బస్తా మీద పడుకుంటే, మొదటి దెబ్బకే పరువు పోయింది.

"మీరు ఆఫీసుకి ఎల్లిపోండి బాబూ. మీరిక్కడుంటే నాకు పని సాగదు. సాయంత్రం రండి."

శ్రీరామ్మూర్తి వెళ్లాడు. సందు మలుపు దాకా వెనక్కి చూస్తూనే వెళ్లాడు.

మధ్యాహ్నం గులాం షెడ్డు వెనక ఇంట్లోకి భోజనానికి వెళ్లాడు. జైతూన్ బీ అతనితో నోటికంటే చేతులతోనే ఎక్కువ మాట్లాడేది. అన్నం వడ్డించి, మూలనున్న ఇత్తడి బిందె తెచ్చి ఎదురుగా పెట్టి, దాని పొట్ట మీది సొట్ట వేలితో చూపించింది. కూతురు మెహబూబ్ బీ పెళ్లినాటి సందడిలో పడిన సొట్ట అది. ఊరందరి సొట్టలూ తీస్తావు, నా బిందె సంగతేమిటని ఆ వేలు అడిగింది.

"సొట్ట ఎవరి దగ్గరో దాచవలసి వస్తేనే నేను తీస్తాను. బిందె నీది, ఇల్లు నీది. ఎవరి దగ్గర దాస్తావు?" అన్నాడు గులాం ఉర్దూలో. ఆమె నవ్వు ఆపుకుని, బిందె తీసుకుపోయింది.

అన్నం సగం వదిలేశాడు. ఎడమ భుజం లాగుతోందన్నాడు. పొద్దుటంతా దిమ్మ పట్టుకున్న చెయ్యి కదా అని ఆమె కొబ్బరినూనె వెచ్చచేసి రాసింది. నమాజు చేసుకుని మళ్లీ తలుపు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

ఈసారి సుత్తి ముట్టుకోలేదు. కొయ్యసుత్తికి పాత గుడ్డ రెండు మడతలు చుట్టాడు. ఇసక బస్తాని నాలుగువైపులా ఒత్తి, నడుమ పల్లెం చేశాడు. బొప్పి జోలికి పోకుండా దాని చుట్టూ అంచు వెంబడి తడుతూ వచ్చాడు. ఏడుస్తున్న బిడ్డ వీపు తట్టే తట్టు అది. తట్టినప్పుడల్లా రేకు మీద అరచెయ్యి పరిచి, కళ్లు మూసుకునేవాడు. కొంచెం అటు పోయేది. మళ్లీ తిప్పి, లోపలినుంచి తట్టేవాడు. కొంచెం ఇటు వచ్చేది. బొప్పి చిన్నదై, గుంటై, మళ్లీ చిన్న బొప్పై, చిట్టిగారెంతకి దిగింది. గారె పావలా బిళ్లంతైంది. ఆ పావలా దగ్గర రేకు చాలాసేపు మొండికేసింది. గులాంకి కోపం వచ్చి దాన్ని ఉర్దూలో తిట్టాడు, తర్వాత తెలుగులో బతిమాలాడు. మేడ మీద ఆవిడ ఎవరితోనో గొడవ అనుకుని మళ్లీ పిట్టగోడ దగ్గరికొచ్చి చూసి వెళ్లింది.

చివరికి అది దిగిన చప్పుడు అతనికి వినపడలేదు, అరచేతికి తెలిసింది. చెరువు మీద గాలి ఆగినట్టు రేకు సర్దుకుంది. గులాం అలాగే చెయ్యి పెట్టి కొంతసేపు కూర్చున్నాడు. మొహం నిండా చెమట.

వరహాలు వచ్చి వంగి చూశాడు. పక్కనుంచి చూశాడు. వేళ్లతో తడిమాడు. పని తప్పు పట్టుకుందామనే వచ్చాడు గానీ, దొరకలేదు.

"ఎక్కడుండేది బావా సొట్ట?"

గులాం అతని పెదవుల వైపు చూసి నవ్వాడు. "అమ్మగారికి సెప్పకు," అన్నాడు, సందంతా వినపడేలా.

వరహాలు పక్కన జీపుకి రంగు కొట్టే పనిలో ఉన్నాడు. ఆ తుంపర వచ్చి తెల్ల తలుపు మీద పడుతుందని గులాం భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, తలుపు మీద పరిచాడు. ఒక కునుకు తీసి బిగిస్తానని సైగ చేసి, ఉత్త నేల మీదే తల కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు.

టీలొచ్చాక వరహాలు పిలిచాడు. గులాం పలకలేదు. పిలిస్తే పలకకపోవడం అతనికి కొత్త కాదు గనక ఎవరూ పట్టించుకోలేదు. టీకొట్టువాడు పిలిచి, గ్లాసు పక్కన పెట్టి వెళ్లాడు. అంబాసిడర్ డ్రైవరు వచ్చి, తన కారు ఎప్పటికవుతుందని అడిగి, జవాబు రాకపోతే నిద్రపోతున్నాడనుకుని తిరిగిపోయాడు. 

సాయంత్రం శ్రీరామ్మూర్తి వచ్చాడు. "మేస్త్రీగారూ," అన్నాడు గుసగుసగా. తర్వాత మామూలుగా అన్నాడు. ఆ తర్వాత, ఎన్నడూ ఇంట్లో కూడా గొంతెత్తని ఆ మనిషి, సందు ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా "గులాం గారూ" అని కేకపెట్టాడు. వరహాలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కేకేత్తే లెగడు బాబూ, కాలు తట్టాల," అని వంగి పాదం తట్టాడు. తట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. పాదం చల్లగా ఉంది.

జనం వచ్చారు. మసీదు పెద్దలొచ్చారు. జైతూన్ బీ లోపలినుంచి వచ్చి భర్త పక్కన కూర్చుని, ఏడవకుండా అతని అరచెయ్యి విప్పి పట్టుకుంది. రేపు పొద్దున్నే మట్టి ఇవ్వాలన్నారు. కూతురు సబ్బవరంలో ఉంది. కబురందేదెలా, అంది రావడమెలా అని మాటలు నడుస్తున్నాయి.

"నా కారుంది," అన్నాడు శ్రీరామ్మూర్తి. అని, కారు వైపు చూశాడు. ఎడమవైపు అది నోరు తెరుచుకుని ఉంది.

శవం పక్కనున్న తలుపుని ఎత్తి బిగిద్దామని ఎవరికీ నోరు రాలేదు. "తలుపు నేకపోతే ఏటి బాబూ, ఇంజనుంది కదా. నాను కూకుంటాను," అన్నాడు వరహాలు.

ఆ తెరిచిన వైపున, రెండు చేతులా డాష్‌బోర్డు పట్టుకుని వరహాలు కూర్చున్నాడు. గోపాలపట్నంలో పిల్లలు నవ్వారు. పెందుర్తి దగ్గర కానిస్టేబులు ఆపాడు.

"తలుపేదండీ?"

"మరమ్మతుకిచ్చాం."

"అయ్యాక బిగించుకుని రావచ్చు కదా. మేస్త్రీ ఏం చేస్తున్నాడు?"

శ్రీరామ్మూర్తి జేబురుమాలు తీసి వరహాలుకి ఇచ్చాడు. వరహాలు కళ్లు ఒత్తుకున్నాడు. కానిస్టేబులు ఆ ఇద్దరి మొహాలూ చూసి, ఇంకేమీ అడక్కుండా చెయ్యి ఊపాడు.

తిరిగొచ్చేటప్పుడు మెహబూబ్ బీ, ఆమె భర్త వెనక కూర్చున్నారు. దారంతా చల్లగాలి కొట్టింది. తలుపేమయిందని ఆ పిల్ల అడగలేదు. నాన్న దగ్గర కార్లు ఎప్పుడూ ముక్కలుగానే ఉండడం పుట్టినప్పట్నుంచీ చూసినదే.

వాళ్లని దింపి శ్రీరామ్మూర్తి ఇంటికి చేరేసరికి సూర్యకాంతమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఇవాళ ఆయన ఏ వైపునీ గోడకి ఆనించలేదు. దిగి, స్కూటరు పడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

"అది పొద్దున్నే తెలిసింది. మన పాలవాడిది ఆ సందే," అందావిడ. "తర్వాతేమయింది?"

చెప్పాడు. విని ఆవిడ గేటు వదిలి ఆ తెరిచి ఉన్న చోటు దగ్గరికి వచ్చింది. "ఆవిడకి తోడు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

మర్నాడు బావమరిది సింహాచలం బస్సులో వెళ్లాడు. శ్రీరామ్మూర్తి దంపతులు స్కూటరు మీద పాత పోస్టాఫీసు సందుకి వెళ్లారు. ఆ తర్వాత తలుపు బిగించేస్తానని వరహాలు రెండుసార్లు కబురు పెట్టాడు. షెడ్డు తాళం జైతూన్ బీ దగ్గర ఉంది. భర్త పోయినవాళ్లు నాలుగు నెలల పది రోజులు పాటించే ఇద్దత్ గడవకుండా ఆమె గుమ్మంలోకి వెళ్లి తాళం అడగడానికి శ్రీరామ్మూర్తికి మనసొప్పలేదు. అడగమని సూర్యకాంతమ్మా అనలేదు.

మూసిన షెడ్డులో, ఇసక బస్తా మీద, తెల్ల తలుపు తువ్వాలు కప్పుకుని అలాగే ఉంది.