గొంతు దొంగ

"సెప్పరా! మా పెద్దోడి గొంతు నీకెక్కడిది?"

మిమిక్రీ చేసే బాబీ కాలరు ఎలీసమ్మ పిడికిట్లో నలుగుతోంది. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఎలీసమ్మ, అన్నం గరిటెతోనే పదో తరగతి గదిలోకి దూసుకొచ్చింది.

"అమ్మోరి తోడు పిన్నమ్మా, నాను కాదు! నాను హీరోల గొంతులే సేత్తాను. సచ్చిపోయినోల్లవి సెయ్యను!"

ఇదంతా అనూరాధ టీచర్ చెప్పిన పాఠం వల్లే. యుద్ధం కథ. పోరు ముగిశాక సుబేదారు హాజరు పిలుస్తాడు. చాలా పేర్లకు జవాబు రాదు. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో పిల్లలకు తెలియాలని, ఆమదాలవలసలో రైలెక్కి సైన్యానికి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పేర్లు బోర్డు మీద రాసింది. ఒక్కొక్కటే పిలిచింది. ఎవరూ పలకకూడదంది.

"శాంతికుమార్!"

"హాజర్ సాబ్!"

వెనక బెంచీల నుంచి నిండైన మగగొంతు. వెంటనే వరండాలో అన్నం గిన్నె పడిన మోత.

ఎలీసమ్మ పెద్దకొడుకు శాంతికుమార్ అనూరాధ శిష్యుడే. సెలవుకొచ్చినప్పుడల్లా ఈ గుమ్మంలోనే సెల్యూట్ కొట్టి, నవ్వుతూ అదే మాట అనేవాడు. రెండేళ్ళ క్రితం మంచుకొండల్లో పోయాడు.

"ఆ సివర బెంచీ శాంతన్నదే కదేటి టీచర్..." ముందు బెంచీలోని రేఖ భయంగా వెనక్కి చూసింది.

ఎలీసమ్మ పట్టు సడలింది. కోపం పోయి గొంతు దీనంగా మారింది.

"ఎవులైతే ఏటి? ఇంకొక్కసారి పలకండ్రా. కాళ్ళట్టుకుంటాను."

చిన్నకొడుకు ఎలీషా ఆమె కొంగు లాగుతున్నాడు. అదే తరగతి. మెడకు ఎప్పుడూ మఫ్లరే. దసరా సెలవుల నుంచి గొంతు పోయిందని చెప్పి, ఇంట్లోనూ బళ్ళోనూ గుసగుసగానే మాట్లాడుతున్నాడు.

"తప్పుకోరా చిన్నోడా," అంది తల్లి, వాడివైపు చూడకుండానే.

అనూరాధ తలుపు మూసింది. "హాజరు పిలుస్తాను. నోటితో పలకాలి. చెయ్యెత్తితే కుదరదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమే ఆగిపోయింది. ఈ తరగతిలో చెయ్యెత్తేది ఒక్కడే.

"ఎలీషా. మఫ్లర్ తియ్యి నాన్నా. పలుకు."

వాడు తల అడ్డంగా ఊపాడు. కళ్ళు తల్లి మీదే ఉన్నాయి. మఫ్లర్ జారింది.

"నానే అమ్మా."

గదంతా శాంతికుమార్ గొంతే.

"గొంతు మారినాక ఇలగైపోనాది. నా గొంతు ఇంటే నువ్వు నన్నొదిలీసి అన్ననే ఎతుక్కుంటావని దాసీసినాను. ఇయ్యాల అన్న పేరు పిలిత్తే ఎవులూ పలకనేదు. ఓర్సుకోలేకపోనాను."

ఎలీసమ్మ కళ్ళు మూసుకుని విన్నది. "పెద్దోడా..." పెదవులు కదిలాయి. ఎలీషా తల వంచుకున్నాడు. వాడు ఇన్నాళ్ళూ భయపడింది ఈ క్షణానికే.

గరిటె నేల మీద పడింది. ఆమె కళ్ళు తెరిచింది. ఇప్పుడిప్పుడే మీసం మొలుస్తున్న ఆ ముఖాన్ని, చాలా ఏళ్ళ తర్వాత చూస్తున్నట్టు, రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"దొంగ సచ్చినోడా. నువ్వట్రా... ఎలీషా!"