అక్క కోపం మోసిన కారు

ఆదివారం పొద్దున్నే తమ్ముడు పాత కారు ముందు చక్రాల పని మొదలుపెట్టాడు. గుంట తగిలినప్పుడల్లా ముందు భాగం డబడబమంటోంది, సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. అవి మారిస్తే కారు కొనేవాళ్ళొచ్చి తీసుకుపోతారు. నాన్న ముప్పై ఏళ్ళు నడిపిన కారు అది. దాన్ని నడపాలని అక్కకి చిన్నప్పట్నించీ కోరిక. "నీ కోపానికి స్ప్రింగులు విరుగుతాయే" అని ఇంట్లో ఒక్కరూ స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు.

కోపం వస్తే అక్క బరువెక్కుతుంది. పోస్టాఫీసులో ఆమెకి విడిగా ఇనప స్టూలు వేశారు. బస్సు కండక్టరు ఆమె మొహం చూసి, "కాస్త చల్లబడి తర్వాతి బస్సుకి రండమ్మా" అంటాడు. వరండా గచ్చు మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ తాపీమేస్త్రీ, "ఈసారి ఏమన్నారు ఆవిణ్ణి?" అని అడిగి అతుకేసి పోయాడు. యాభై రెండేళ్ళుగా ఇంటిల్లిపాదికీ ఆమెని చల్లబరచడమే పని. కోపం తెప్పించకుండా ఉందామని మాత్రం ఒక్కరికీ తోచలేదు, అదేం విడ్డూరమో!

తమ్ముడు కారు ముందు భాగాన్ని జాకీతో లేపి, చక్రాలు ఊడదీసి, చట్రం కింద రెండు పక్కలా బోలు సిమెంటు ఇటుకలు పేర్చి జాకీ దించేశాడు. అక్క చూసింది.

"ఒరేయ్, కారు కింద పెట్టే నాన్న ఇనప స్టాండ్లు ఏవిరా?"

"షెడ్డులో అన్నిటికంటే అడుగున ఉన్నాయి. ఇప్పుడెవడు తవ్వుతాడు? ఈ ఇటుకల మీద ఇల్లే నిలబడింది, కారు నిలబడదా?"

"ఇల్లు కదలదురా. కారుని నువ్వు స్పానర్ పెట్టి గుంజుతావు."

"అబ్బా, నీకేం తెలుసే!"

అక్క కాళ్ళ కింద గచ్చు కిర్రుమంది. ఆమె వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు బిగించింది. "నేను స్టాండ్లు తెచ్చేదాకా కిందికి దూరావో, చూడు!" అని చెప్పి మరీ షెడ్డుకి వెళ్ళింది. వింటేగా మహానుభావుడు!

ఆమె స్టాండ్లు పట్టుకుని వస్తుండగానే ఫట్‌మని ఒక ఇటుక పగిలింది. కారు ఒరిగి తమ్ముడి ఛాతీ మీదికి దిగింది. జాకీ కూడా దాని కిందే ఇరుక్కుపోయింది. తమ్ముడి భార్య పరిగెత్తుకొచ్చి బంపర్ పట్టుకుని లాగింది. అది ఆమెకి లేస్తుందా?

అక్క చేతిలోవి పడేసి కారు వెనక్కి పోయి డిక్కీ మీద కూర్చుంది. "రెండు నిమిషాలు ఆగలేవురా వెధవా! ఒక్కరోజన్నా నా మాట విన్నావా?" అని గట్టిగా అరిచింది. వెనక భాగం దిగబడింది, ముందు భాగం జానెడు లేచింది.

"అక్కా... ఊపిరాడట్లేదే..." అన్నాడు తమ్ముడు.

ఆ గొంతు వినగానే అక్క కోపం జారిపోయింది. తన చేతుల మీద పెరిగినవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒళ్ళు తేలికైంది. కారు మళ్ళీ మెల్లగా దిగసాగింది.

"వదినా, కరిగిపోకండి! మీకు దండం పెడతాను, తిట్టండి!"

"తిట్టలేకపోతున్నానే! ఏడుపొస్తోంది!"

కారు కిందనించి తమ్ముడి గొంతు పీలగా వినపడింది. "అక్కా, ఈ కారు నీకే ఇవ్వమన్నాడే నాన్న. పోయేముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. నేనే దాచాను."

మరుక్షణం వెనక బంపర్ ధనామని నేలకి కొట్టుకుంది. ముందు భాగం నడుమెత్తు లేచింది. మరదలు మొగుడి కాళ్ళు పట్టుకుని ఈడ్చి బయటపడేసింది.

అక్క దిగలేదు. "ఆ స్టాండ్లు చట్రం కింద పెట్టవే" అంది. మరదలు పెట్టింది. కారు వాటి మీద కూర్చోవడానికి ఎంత కావాలో అంతే చల్లబడి, అప్పుడు దిగింది. బంపర్ పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపి చూసింది. కారు కదల్లేదు.

"ప్రాణభయంతో చెప్పావా, నన్ను బరువెక్కించడానికి చెప్పావా?"

"రెండూనూ" అన్నాడు తమ్ముడు, పక్కటెముకలు పట్టుకుని.

"నిజమేనా?"

"నిజమే అక్కా."

మరదలు అలవాటుగా చెంబుతో నీళ్ళు తెచ్చింది. "కాస్త చల్లబడండి వదినా."

"నేను చల్లబడితే మీ ఆయనేమయ్యేవాడో చూశావుగా. నీళ్ళు వాడికియ్యి."

కొనేవాళ్ళని రావద్దని తమ్ముడి చేతే ఫోన్ చేయించింది. బుష్‌లు తనే మార్చింది. స్ప్రింగులు కూడా మార్చింది. విడిభాగాల కొట్టువాడు, "ఇంత మందం లారీలకి వేస్తారమ్మా, మీ కారుకెందుకు?" అన్నాడు. "కారుకి కాదు, నాకు" అంది.

వారం తర్వాత అక్క స్టీరింగ్ ముందు కూర్చుంది. కోపం ఏమాత్రం తగ్గలేదు. ముందు భాగం అంగుళం దిగి, అక్కడే గట్టిగా నిలబడింది.

ఛాతీకి కట్టుతో తమ్ముడు కిటికీ దగ్గరికొచ్చాడు. "కోపం తగ్గాక వెళ్ళొచ్చు కదే అక్కా."

"తగ్గేదాకా ఆగమనే కదరా యాభై రెండేళ్ళు కూర్చోబెట్టారు. గేటు తియ్యి."

తమ్ముడు వెళ్ళి గేటు తీశాడు.