ఎల్లాజీ అడగలేకపోయిన మాట

పడవకీ జెట్టీకీ మధ్య ఇరుక్కుని ఎల్లాజీకి మోకాలి కింద ఎముక ముక్కలైంది. ఆసుపత్రిలో చేరి రెండు రోజులైనా అతను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పెదనాన్న కొడుకొకడు ఇలాంటి దెబ్బకే కాలు పోగొట్టుకున్నాడు. తనకూ తీసేస్తారేమోనని భయం. అడిగితే అవునంటారని అడగలేదు.

మూడో రోజు ఉదయం డాక్టరమ్మ వచ్చి, అతనికీ భార్య దేవికీ ఎక్స్‌రే చూపించింది.

“రెండు పద్ధతులున్నాయి. కోసి లోపల ప్లేటు, స్క్రూలు వేయొచ్చు. పైకేమీ కనబడదు. కానీ కాలు బాగా వాచి బొబ్బలెక్కింది, కోస్తే చీము పట్టొచ్చు. రెండోది, సన్నటి కమ్మీలు ఎముకలోంచి దూర్చి కాలి చుట్టూ రింగులు బిగించడం. కొన్ని నెలలు వాటితోనే ఉండాలి, రోజూ శుభ్రం చేసుకోవాలి. మీకు రింగులే మేలనిపిస్తోంది. మీరేమంటారు?”

“ఏది సేసినా కాలుంటాదా అమ్మా?” అన్నాడు ఎల్లాజీ.

“కాలు తీసే మాటే లేదు. తీస్తామని ఎవరన్నారు?”

“ఎవులూ అన్నేదు. నానే అనుకున్నాను.”

దేవి మంచం అంచున కూలబడింది. “నాతో ఒక్క ముక్క సెప్పొచ్చు కదా.”

“నువ్వు ఏడుత్తావని.”

“ఇప్పుడేటి సేత్తన్నాను మరి?” అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఎల్లాజీకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. “రింగులే ఎయ్యండమ్మా,” అన్నాడు.

అయిదో నెలలో రింగులు తీశారు. మోకాలు పూర్తిగా మడతపడదు గానీ, కర్ర పట్టుకుని జెట్టీ దాకా తనే నడిచి వెళ్తున్నాడు.