ఎడంచేతి పిల్లకి ఇవ్వని బంతి

ఆదివారం పొద్దున్నే కూతురి బూట్లు ముందేసుకుని కూర్చున్నాడు తండ్రి. వాటికి కొత్త లేసులు ఎక్కిస్తున్నాడు. పదో తరగతి చదివే పిల్లకి ఆ మాత్రం చేతకాదా అని భార్య మూతి విరిచినా ఆయన చెవిన పెట్టలేదు. ఆ రోజు ఆ ఇంట్లో ఆ బూట్లకున్న మర్యాద మనుషులకు లేదు.

ఊళ్ళోని హైస్కూళ్ళన్నిటిలో బాస్కెట్‌బాల్ బాగా ఆడే అమ్మాయిలను ఏరి, ఎరుపు, నీలం అని రెండు జట్లు చేసి ఏటా ఒక పోటీ పెడతారు. ఏడాది పొడవునా ఒకరినొకరు ఓడించుకున్న పిల్లలు ఆ ఒక్కరోజు ఒకే రంగు చొక్కా తొడుక్కుంటారు. క్రీడా కళాశాల వాళ్ళు చూడటానికి వస్తారు. వాళ్ళకు నచ్చిన పిల్లకి చదువు, హాస్టలు అన్నీ ఉచితం. ఈసారి ఉన్నది ఒక్క సీటే. నీలం జట్టులోని ఇద్దరిలో ఎవరికో ఒకరికి వస్తుందని అందరి మాటా. ఆ ఇద్దరిలో ఒకతె ఈయన కూతురు. ఇంట్లో అందరికన్నా పొడుగు కాబట్టి నిచ్చెన అని పిలుస్తారు. రెండో అమ్మాయి వేరే స్కూలు పిల్ల. ఆమె పేరేమిటో కూడా ఈయన కనుక్కోలేదు. ఎడమచేత్తో ఆడుతుంది కాబట్టి ఎడంచేతి పిల్ల, అంతే.

"నిచ్చెనా, నేను చెప్పింది గుర్తుందా?"

"ఉంది. ఎడంచేతి పిల్లకి బంతి ఇవ్వకూడదు." పిల్ల తల ఎత్తకుండా చెప్పింది. "తను మంచిది నాన్నా. నిన్న ప్రాక్టీసులో నేను పడిపోతే తనే లేపింది."

"చెడ్డదని నేనన్నానా? ఓ రోజు ఇంటికి తీసుకురా, కడుపునిండా భోజనం పెడదాం. బంతి మాత్రం ఇవ్వకు. ఆటలో నా చెయ్యి చూస్తుండు."

ఆయన చేతులకు ఒక కథ ఉంది. పెద్ద భవనాలు కట్టే చోట క్రేన్‌కి సైగలు చేయడం ఆయన పని. పైన గదిలో కూర్చున్న డ్రైవరుకి కింద ఏముందో సరిగా కనిపించదు, కింది మాట వినిపించదు. కింద నిలబడ్డ ఈయన చెయ్యి ఎలా చెబితే ఇనుప దూలం అలా కదులుతుంది. వేలు పైకి తిప్పితే ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఉంచాలి. నిచ్చెనకి చిన్నప్పుడు ఇవన్నీ ఆటగా నేర్పాడు. అన్నం ముద్ద ఎత్తడానికీ సైగే, దించడానికీ సైగే. ఇల్లంతా పగలబడి నవ్వేది. అంత ముద్దుగా నేర్పిన విద్యను ఏ పనికి వాడబోతున్నాడో ఆ ఉదయం ఆయనకే సరిగా తెలిసినట్టు లేదు.

స్టేడియంలో ఆయన పక్క కుర్చీలోకి ఒకావిడ ఆయాసపడుతూ వచ్చి కూర్చుంది. లాండ్రీలో ఇస్త్రీ పని అట. సెలవు దొరక్క ఇన్నేళ్ళలో కూతురి ఆట చూడటం ఇదే మొదటిసారట. తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా ముందు ఆయనకే అందించింది.

"నాకు ఈ ఆట ఓనమాలు కూడా తెలియవు అన్నయ్యా. కాస్త చెబుతూ ఉండండి. అదిగో, నీలం చొక్కా, ఎడమచేత్తో బంతి కొడుతోందే, అదే మా అమ్మాయి."

ఆయన సీసా తాగకుండానే దించి ఆవిడ చేతిలో పెట్టేశాడు.

ఆట మొదలైంది. బంతి ముందుకు తెచ్చే పని నిచ్చెనదే. ఎడంచేతి పిల్ల బుట్ట దగ్గర ఖాళీ చూసుకుని, చేతులు చాచి నిలబడింది. నిచ్చెన తండ్రి వైపు చూసింది. ఆయన పిడికిలి బిగించి ఉంది. బంతి తనే బుట్టలోకి వేసేసింది. పడింది. జనం చప్పట్లు కొట్టారు. మళ్ళీ అదే చోట ఎడంచేతి పిల్ల, అవే చాచిన చేతులు, గుంపులో అదే పిడికిలి. జట్టులో మిగతావాళ్ళు ఇవ్వొచ్చు కదా అనుకుంటారేమో. వాళ్ళకీ ఇంటి దగ్గర ఎవరి నాన్నలు వాళ్ళకున్నారు.

కాసేపటికి ఆవిడ మెల్లగా అడిగింది. "అన్నయ్యా, మా పిల్ల అలా చేతులు చాచి నిలబడే ఉంది. ఎవరూ బంతి ఇవ్వరేం? ఏమైనా తప్పు చేసిందా?"

నిజం చెప్పడానికి అది మంచి సమయం. కనీసం నోరు మూసుకోవడానికైనా మంచి సమయమే. ఆయన ఆ రెండూ చేయలేదు.

"నిలబడాల్సిన చోట నిలబడటం లేదమ్మా," అన్నాడు, ఆట తెలిసిన పెద్దమనిషిలా. "అక్కడుంటే బంతి ఎలా వస్తుంది?"

"అలాగా." ఆవిడ ముఖం చిన్నబోయింది. "మీరు చెప్పబట్టి తెలిసింది."

విరామం రాగానే ఆవిడ మైదానం అంచు కమ్మీల దాకా దిగివెళ్ళింది. వంగి, వేలు చూపిస్తూ కూతురికి ఏదో గట్టిగా చెబుతోంది. ఆ పిల్ల ముందు తల అడ్డంగా ఊపింది, తర్వాత నిలువుగా ఊపింది, తర్వాత చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంది. పైనుంచి ఆయన అంతా చూశాడు. సిగ్గేసింది. అయినా రెండో సగంలో ఆ పిడికిలి విప్పలేదు. సీటు మీద అంత ఆశ పెట్టుకున్నాడు.

రెండో సగంలో ఎడంచేతి పిల్ల తన చోటు మీద నమ్మకం పోయి మైదానమంతా తిరిగింది. ఇక్కడ నిలబడి చూసింది, అక్కడ నిలబడి చూసింది. ఆట అయిపోవస్తుండగా మళ్ళీ మొదటి చోటికే వచ్చి నిలబడింది, ఈసారి చేతులు సగమే చాచి. ఆ సగం చేతులు చూసి నిచ్చెన బంతి చంకన పెట్టుకుని ఆగిపోయింది. తండ్రి వైపు తిరిగి, ఖాళీగా ఉన్న చేతిని పక్కకు బారుగా చాచి అడ్డంగా ఊపింది. పని జరిగే చోట దానికి ఒకటే అర్థం. ఆపేయ్. మిగతా సైగలు సైగల మనిషి చేస్తేనే చెల్లుతాయి, ఇది మాత్రం దారినపోయేవాడు చేసినా క్రేన్ ఆగి తీరాలి. కింద ఎవరికో ప్రమాదం ఉందన్నమాట.

ఆయన చెయ్యి ఒళ్ళో పడిపోయింది. బంతి పట్టుకుని అంతసేపు ఆగకూడదని రిఫరీ ఈల వేసి దాన్ని ఎరుపు జట్టుకి ఇచ్చేశాడు. నిచ్చెన వెంటపడి దాన్ని లాక్కొచ్చి ఎడంచేతి పిల్లకి అందించింది. ఆటంతా బంతి తాకని చేతులు, బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె వేసిన బంతి బుట్ట అంచుకి కొట్టుకుని బయటపడింది. నీలం జట్టు ఓడిపోయింది.

బహుమతుల వేళ క్రీడా కళాశాల నుంచి వచ్చిన పెద్దావిడ మైకు అందుకుంది. ఆవిడ చేతుల మీదుగా ఎందరో క్రీడాకారిణులు తయారయ్యారు. అందరూ కోచమ్మ అంటారు.

"ఈరోజు సీటు ఎవరికీ ఇవ్వడం లేదు," అంది. "ఒక పిల్ల ఆటంతా సరైన చోట నిలబడింది. ఆమె ఆట మాత్రం నేను చూడలేకపోయాను, చూడనివ్వలేదు. బంతి ఎలా వేయాలో పిల్లలకు మేం నేర్పుతాం. పక్కనున్న మనిషిని చూడకుండా ఉండటం మాత్రం ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తున్నారు. రేపు వీళ్ళంతా మళ్ళీ ఆడతారు, సీటు సంగతి అప్పుడు తేలుస్తాం. పెద్దలు దయచేసి ఇళ్ళల్లోనే ఉండండి."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. పక్కావిడ ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "సరైన చోటంటోంది. మా అమ్మాయి గురించేనా అన్నయ్యా? మీరేమో కాదన్నారు."

కోచమ్మ ఎవరి పేరూ చెప్పలేదు. తెలియదమ్మా అనేసి జనంలో కలిసిపోవచ్చు. అప్పటికే నిచ్చెన మెట్లెక్కి వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆ కళ్ళలోకి చూడలేక ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"మీ అమ్మాయి గురించేనమ్మా. అది సరిగ్గానే నిలబడింది. బంతి ఇవ్వొద్దని మా పిల్లకి చెప్పింది నేను. మీకు అబద్ధం చెప్పిందీ నేనే."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ కింద మైదానంలో ఒంటరిగా బూట్లు విప్పుకుంటున్న కూతురి వైపు చూసింది.

"సీటు సంగతి నాకు తెలియదన్నయ్యా. రేపు వస్తే వస్తుంది, లేకపోతే లేదు," అంది. "కానీ మీ మాట నమ్మి, నిలబడటం కూడా చేతకాదటే నీకు అని దాన్ని అందరి ముందూ తిట్టాను. నేను సరిగ్గానే నిలబడ్డానమ్మా అని అది ఎంత మొత్తుకున్నా వినలేదు. ఇప్పుడు దాని ముఖం ఎలా చూడను?"

అందరిలాగే తనూ తన పిల్ల కోసమే చేశానని ఆ క్షణం దాకా ఆయన సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. ఇక ఆ మాట నోటికి రాలేదు. పోటీలో ఒకరి పిల్ల ఓడిపోవచ్చు, అది ఆట. మనమే చోటు లేకుండా చేసి, ఆ తప్పు నీదేనని ఆ పిల్లనీ, ఆ పిల్లని కన్నతల్లినీ నమ్మించడం మాత్రం పెద్దవాళ్ళు చేసే పాపం.