వరుసలో నీలం చెప్పులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నిజమే. కానీ ఆ రోజు ఫ్లూ సూది కోసం కట్టిన వరుసలో నా అంత బుద్ధిగా నిలబడ్డవాళ్ళు లేరు. నా కూతురి కోసం నోరు కట్టేసుకున్నాను. దానికి ఉబ్బసం. పోయిన చలికాలం ఫ్లూ వచ్చి ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టంతో పడుకుంది. ఈసారి జ్వరం తగిలితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ముందుగా సూది వేయించడం ఒక్కటే దారి. ఆ సూదికేమో ఊరంతా కరువు.

క్లినిక్ గోడకు ఒక చెక్క కిటికీ, దానికో బెజ్జం. రోగం అంటకుండా నర్సు లోపల కూర్చుని, బెజ్జంలోంచి పెట్టిన చేతికి సూది వేసేది. మొహాలు ఆమెకు కనబడవు.

బయట మా చట్టం మాది. నిలబడలేనివాళ్ళు చెప్పులు వదిలి వెళ్ళి ఎక్కడైనా కూర్చోవచ్చు. వరుస కదిలినప్పుడల్లా వెనకవాళ్ళు వాటిని కాలితో ముందుకు తోయాలి. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే. మా ముందున్న నీలం చెప్పులు ఒక ముసలాయనవి. తెల్లారగానే ఆయన, "అమ్మాయ్, కాస్త నా చోటు చూస్తూ ఉండు. ఎలాగైనా ఈ సూది వేయించుకోవాలి" అని చెప్పి పక్క సందులోకి వెళ్ళాడు. పోన్లే పెద్దాయన అనుకున్నాను. అప్పట్నుంచీ వాటిని నేనే తోస్తున్నాను.

మధ్యాహ్నం కాంపౌండరు బయటికొచ్చాడు. సందులో అరుగు మీద ఒక ముసలాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట, ఒళ్ళు చల్లబడి చాలాసేపయిందట, కాళ్ళకు చెప్పులైనా లేవట. ఎవరికైనా తెలుసా అని అడిగాడు. పాపం అనిపించింది. ఆ వెంటనే, అయితే ఒక సూది మిగిలిందనీ అనిపించింది. పిల్ల తల్లిని, అనిపించదా మరి?

చెప్పులు పక్కకు తీసేద్దామని కాలితో నెట్టాను. కదల్లేదు. వంగి చేత్తో లాగాను. వాటిలో ఎవరో నిలబడి ఉన్నంత బరువు. మా వెనకున్న లారీ డ్రైవరు, పొద్దున్న ఏమీ తినలేదా అక్కా అని ఆటపట్టిస్తూ తనే పట్టుకున్నాడు. అంతలో నవ్వు ఆపేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. వెచ్చగా ఉన్నాయన్నాడు.

తర్వాత వరుస కదిలింది. ఎవరూ తొయ్యలేదు. చెప్పులు మాత్రం కదిలాయి. పిల్లను చంకనేసుకుని వాటిని చుట్టి ముందుకెళ్ళి నిలబడ్డాను. కిందికి చూస్తే మళ్ళీ నా ముందే ఉన్నాయి.

చివరికి అవి బెజ్జం కింద, గోడ వైపు తిరిగి ఆగాయి. ఇదే ఆఖరి సూది, చెయ్యి పెట్టండి అని నర్సు పిలిచింది. నేను ఒక్క ఉదుటున పిల్ల చెయ్యి బెజ్జంలో దూర్చాను.

"ఒకరి తర్వాత ఒకరమ్మా," అంది నర్సు లోపల్నుంచి. "ఇక్కడ ముందే ఒక చెయ్యి ఉంది."

బెజ్జంలో నా పిల్ల చెయ్యి తప్ప ఏమీ లేదు. నేను చూస్తూనే ఉన్నాను. లోపల సూది ట్రేలో పడిన చప్పుడైంది. మందు అయిపోయిందని, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదని నర్సు చెప్పింది. ఎవరికి వేశావమ్మా అని కిటికీ దబదబా బాదాను.

"మీ ముందున్న పెద్దాయనకి. ముడతలు పడ్డ చెయ్యి, మంచుగడ్డలా ఉంది. ఇంటికి తీసుకెళ్ళి ఏదైనా కప్పండి."

ఒళ్ళు మండి చెప్పుల్ని ఒక్క తన్ను తన్నాను. ఉత్త చెప్పుల్లా ఎగిరి అవతల పడ్డాయి. చచ్చినవాడికి సూదెందుకయ్యా అని వీధంతా వినబడేలా అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది. ఆయనకూ బతకాలనే ఉంది. నాకర్థమైంది, అర్థమై ఏం లాభం?

పిల్ల నా కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మా, చలేస్తోంది."

నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. కాలిపోతోంది.