పొట్టేలు నెత్తిన రూపాయి

రండి, ముందుకు జరగండి. మాటలు కట్టిపెట్టండి. దగ్గేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి. ఇది ఉలిగప్ప కాలు నిలవని కథ.

పెనుకొండ కొండ కింద, తుమ్మచెట్ల చాటున బొమ్మాబొరుసు ఆట జోరుగా సాగుతోంది. రెండు రూపాయి బిళ్లలు ఎగరేయాలి. రెండూ బొమ్మలైతే ఎగరేసినవాడిది గెలుపు, రెండూ బొరుసులైతే ఓటమి, చెరొకటి పడితే మళ్లీ ఆట. తీర్పు కాకముందే బిళ్లను తాకినవాడు ఓడినట్టే. జేబు ఖాళీ అయిన ఉలిగప్ప, రేపటి గంగమ్మ జాతరకు పెండ్లాం అంకమ్మ మొక్కుకున్న పొట్టేలునే పందెం పెట్టేశాడు. ఎదుట చెన్నప్ప తన కొత్త ఫోను పెట్టాడు.

ఉలిగప్ప ఎగరేశాడు. ఒకటి పడింది. బొరుసు! రెండోది కోట బురుజు దాటి పైకి పోయింది. రెండు బీడీలు కాలిపోయినా దిగలేదు. ఉలిగప్ప కూర్చున్నాడు, లేచాడు, పంచె విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"ఏమప్పా, బెంగళూరు విమానమెక్కిందా యేమి?" అన్నాడు ఆట చూస్తున్న తిరుపాల్.

చివరికి బిళ్ల వచ్చి పక్కన నిలబడ్డ పొట్టేలు కొమ్ముల మధ్య బొచ్చులో నిట్టనిలువుగా దిగబడింది.

"బొరుసే కనపడతాండాది. పొట్టేలు నాది" అన్నాడు చెన్నప్ప.

"నా పక్కకొచ్చి సూడబ్బా, బొమ్మ!" అన్నాడు ఉలిగప్ప.

పొట్టేలుకు ఆకలేసి ఇంటిదారి పట్టింది. బిళ్లను తాకడానికి లేదు, వదలడానికి లేదు. అది ఆగితే అందరూ ఆగారు, తుమ్మితే అందరూ వంగి చూశారు. ఉలిగప్పకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. బిళ్ల బొరుసుగా పడితే పొట్టేలు పోతుంది. పడకుంటే ఈ మందంతా నేరుగా అంకమ్మ ముందుకే పోతుంది.

వాకిలి ఊడుస్తున్న అంకమ్మ తలెత్తింది. "ఇంతమంది యాడికి పోతాండారు?" అంటూనే పొట్టేలు నెత్తిన రూపాయి చూసి చీపురు వదిలేసి చేతులు జోడించింది. "అమ్మా గంగమ్మా! ముడుపు నువ్వే అడిగినావా తల్లీ!"

ఆ బిళ్లను పసుపు గుడ్డలో మూటగట్టి పొట్టేలు మెడకు కట్టేసింది. అమ్మవారి ముడుపు విప్పే మొగోడెవడు? చెన్నప్ప మూట వైపు చెయ్యి చాచి, అంకమ్మ చూపుకు వెనక్కి తీసుకున్నాడు.

పొద్దుననగా బిగబట్టిన ఊపిరి ఉలిగప్ప వదలబోయాడు. అంతలో తిరుపాల్ గట్టిగా అన్నాడు:

"అయితే పందెం గెలిచింది అమ్మోరే గదా! చెన్నప్పా, ఫోనిచ్చేటప్పుడు చార్జరు మరిచేవు, గుళ్లో కరెంటు ఉండాది!"