ట్యాంకు మూత దగ్గర మనిషి

మా నూనె మిల్లులో శిక్షణ ఇవ్వడానికి బయటి కంపెనీ నుంచి మనిషి వస్తోందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండింది. పద్నాలుగేళ్లుగా ట్యాంకులు కడుగుతున్నవాళ్లకి ఇంకొకరు వచ్చి పని నేర్పాలా? వచ్చినావిడ సన్నగా, కళ్లజోడుతో, చేతిలో ఈల పట్టుకుని ఉంది. మా బావ నిమిషంలో ఆవిడకి టీచరమ్మ అని పేరు పెట్టేశాడు.

బావంటే మా అక్క మొగుడు. అతను ట్యాంకులోకి దిగుతాడు, నేను పైన మూత దగ్గర కాపలా. లోపల గాలి చెడి అతను పడిపోతే నేను దిగకూడదట. గంట కొట్టి, మూత మీద బిగించిన చక్రం తిప్పి, దానికి చుట్టిన తాడుతో అతన్ని నడుము బెల్టు పట్టి పైకి లాగాలట. ఈ పరీక్ష పాసైతేనే నాకు ట్యాంకు పని, లేదంటే గోడౌన్లో డబ్బాలు మోయడమే.

ఖాళీ ట్యాంకులో ఈల వినగానే బావ పడిపోయినట్టు నటించాడు. తీరా చూసుకుంటే నేను నిచ్చెన సగంలో ఉన్నాను.

"ఇప్పుడు ఇద్దరు పోయారు," అని రాసుకుంది టీచరమ్మ.

రెండోసారి పళ్లు బిగబట్టి నిలబడ్డాను. ఆ మహానుభావుడు కింద నుంచి ఒక్క మూలుగు మూలిగాడు. మళ్లీ దిగాను.

మేనేజరు విసుక్కున్నాడు. "పద్నాలుగేళ్ల అనుభవం మేడమ్! సంతకం పెట్టేయండి. రేపు ట్యాంకు కడగాలి."

"డబ్బులు మీవే సార్. సంతకం మాత్రం నాది," అందావిడ.

మా మేనేజరుకి ఎదురు చెప్పిన మనిషిని చూడటం అదే మొదటిసారి. నా పనికే ఎసరొచ్చినా, ఆ మాటకి ముచ్చటేసింది.

తర్వాత వచ్చి నా పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"మీ బావని భుజానేసుకుని ఆ నిచ్చెన ఎక్కగలరా?"

"ఎనభై కిలోలండీ. నా వల్ల కాదు."

"మరి దిగి ఏం చేస్తారు?"

"దగ్గరుంటాను," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అప్పుడు మీ అక్క దగ్గర ఎవరుంటారు?"

మూడోసారి బావ మూలిగాడు, నన్ను పేరు పెట్టి పిలిచాడు కూడా. గంట కొట్టాను. కళ్లనీళ్లు కారుతున్నా చక్రం తిప్పుతూనే ఉన్నాను. రెండు నిమిషాల్లోపే అతని తల మూత బయటికొచ్చింది. టీచరమ్మ సంతకం పెట్టింది.

బావ ఏదో వెటకారం చేస్తాడనుకున్నాను. నా మొహం చూశాడు. తన నడుము బెల్టు విప్పి, తనే నాకు కట్టాడు.

"రేయ్, ఇప్పుడు నువ్వు దిగు. నేను పైనుంటే నేనూ దూకేసేవాణ్ణే." ఆవిడ వైపు తిరిగాడు. "టీచరమ్మా, నాకూ నేర్పండి."